పెద్దాయన జీతం

ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి వచ్చినప్పుడు కూడా అచ్చులక్క గుమ్మంలోనే నిలబడింది. ఆమె ఏనాడూ పెద్దాయన గదిలోకి వచ్చి కూర్చున్న పాపాన పోలేదు. మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టరు, ముందు కట్టుకున్న రబ్బరు గుడ్డ మీద ప్లాస్టరు, చెప్పుల మీద ప్లాస్టరు. మొదట్లో ఆయన కూర్చోమంటే "వద్దు సార్, కుర్చీ పాడవుతుంది" అనేది. కొన్నాళ్లకు ఆయన అనడం మానేశారు, ఆమె నిలబడటం మానలేదు.

"వచ్చే నెల నుంచి రాను సార్. ముందే చెబితే మంచిదని వచ్చాను."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రావంటే? ఒంట్లో బాగోలేదా?"

"నాకేం సార్, రాయిలా ఉన్నాను. పెద్దాసుపత్రి పక్కన కొత్తగా కాళ్ల సెంటరు తెరిచారు కదా, వాళ్లు పిలిచారు."

"డబ్బు పుచ్చుకుని కాళ్లు పెట్టేవాళ్ల దగ్గరికా?"

"ఎక్కడ పెట్టినా కాలు కాలే కదా సార్" అంది అచ్చులక్క. ఎదురు చెప్పాలని కాదు, తోచింది చెప్పింది.

ప్రమాదాల్లోనో జబ్బుల్లోనో కాలు పోయినవాళ్లకు పైసా పుచ్చుకోకుండా కృత్రిమ కాళ్లు చేసిపెట్టే సంస్థ అది. గోడ మీద పెద్ద పేరే ఉంది గానీ ఊరంతా దాన్ని కాళ్ల షెడ్డు అనే అంటారు. దాన్ని పెట్టిందీ, నడుపుతున్నదీ పెద్దాయనే. అక్కడ కాలు చేయడంలో అసలు పని అచ్చు తీయడం. మిగిలిన కాలు చుట్టూ తడి ప్లాస్టరు గుడ్డ చుట్టి, అది గట్టిపడేలోగా ఎముక ఎక్కడుందో, మెత్తటి కండ ఎక్కడుందో అరచేతులతో పట్టుకోవాలి. అచ్చు తేడా వస్తే కాలు కూర్చునే గిన్నె తేడా వస్తుంది, గిన్నె తేడా వస్తే మనిషి వారం తిరక్కుండా పుండు పడి మళ్లీ బల్ల మీదికి వస్తాడు. అచ్చులక్క తీసిన అచ్చుతో చేసిన కాలు వేసుకుని మళ్లీ వచ్చినవాళ్లు బహు తక్కువ. ఆమె పోతే ఏమవుతుందో పెద్దాయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"జీతం చాలకపోతే నాతో ఒక్క మాట అనకూడదూ?"

అచ్చులక్క బొటనవేలి గోరు మీద ఎండిన ప్లాస్టరును గీకింది. "మీతో ఎట్లా అంటాం సార్? జీతాల మీటింగులో ముందు మీ జీతం చదువుతారు. అది విన్నాక మాకు నోరు రాదు."

ఆ మాట పెద్దాయనకు ఎంత తియ్యగా తగిలిందంటే, మనిషి వెళ్లిపోతోందన్న సంగతి ఓ క్షణం వెనక్కి పోయింది. ఆమె వెళ్లాక గానీ గుండెలో గుబులు మొదలవలేదు.

జీతాల మీటింగు ఆ షెడ్డుకు మాత్రమే ఉన్న ఆచారం. ఏడాదికోసారి పనివాళ్లందరూ నడక నేర్పే హాల్లో, ఇనుప కమ్మీల మధ్య కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. విరాళాలిచ్చే పెద్దలు నలుగురైదుగురు ముందు వరసలో ఉంటారు. పెద్దాయన లేచి, ఈ ఏడాది నా జీతం ఇంత అని చదువుతారు. అది గేటు దగ్గర కాపలా మనిషి జీతం కంటే వెంట్రుకవాసి ఎక్కువ. ముందు వరసవాళ్లు చప్పట్లు కొడతారు. ఒకాయనైతే కళ్లు కూడా తుడుచుకుంటాడు. అప్పుడు పెద్దాయన "ఇక మీకేం కావాలో చెప్పండి" అంటారు. అందరూ తమ తమ కాళ్ల వంక చూసుకుంటారు. తలా కాస్త పెంచామని ప్రకటించి టీలు ఇచ్చేస్తారు. ఇందులో ఆయన కపటమేమీ లేదు, పాపం. ఆ డబ్బు నిజంగానే అంతే తీసుకునేవారు, నిజంగానే పొంగిపోయేవారు.

మర్నాడు పొద్దున లెక్కలమ్మాయి వచ్చింది. పాత లెక్కలాయన కళ్లు కనపడక మానేశాక ఆయన చోట కుదిరిన పిల్ల. నవ్వుతూనే మాట్లాడుతుంది, చెప్పాల్సింది మాత్రం వదలదు. మీటింగు కంటే ముందే, ఈ వారంలోనే కమిటీ కూర్చుని డైరెక్టరు జీతాన్ని పద్ధతిగా నిర్ణయించాలని చెప్పింది.

"నా జీతానికి కమిటీ ఎందుకమ్మా? దోమను కొట్టడానికి సుత్తి తెచ్చినట్టు!"

"మనది ధర్మసంస్థ అని ప్రభుత్వం పన్ను వదిలేస్తోంది కదా సార్. అందుకని నడిపేవాళ్లు పనికి తగినదానికి మించి తీసుకోకూడదని షరతు. మించితే, ఆ మించినదాని మీద తీసుకున్నవాళ్లే జరిమానా పన్ను కట్టాలి. తెలిసీ సరేనన్న కమిటీవాళ్లూ కట్టాలి. అందుకే సంబంధం లేనివాళ్లు కూర్చుని, ఇలాంటి సంస్థల్లో ఎంత ఇస్తున్నారో చూసి, ఎందుకింత ఇస్తున్నామో అప్పుడే రాసిపెట్టాలి."

పెద్దాయన పకపకా నవ్వారు. "నా జీతం చూస్తే ఆ పన్నువాళ్లే జాలిపడి ఎదురు చందా ఇచ్చి వెళ్తారు. కానివ్వు, ఏం కావాలో అడుగు."

"మీరుంటున్న ఇల్లు సంస్థదేనా సార్?"

"సంస్థదే. షెడ్డు వెనకే. ఏ వేళకు ఎవరొచ్చి తలుపు కొట్టినా పలకాలిగా."

"అద్దె?"

"అద్దేమిటమ్మా, నీ పిచ్చి గానీ! నేను ఆ ఇంట్లో ఉండేదే పని కోసం."

అమ్మాయి రాసుకుంది. కారు సంగతి అడిగింది. కారూ సంస్థదే, డ్రైవరూ సంస్థ మనిషే, ఇంటావిడను పుట్టింటికి దింపినా, మనవణ్ణి బడికి తీసుకెళ్లినా దారిలో ఏ చందాదారునో పలకరించకుండా రాలేదని ఆయన చెప్పారు. ఇంతలో వంటామె టీ తెచ్చిపెట్టింది. అమ్మాయి ఆమె వైపు చూసింది.

"ఈవిడా సంస్థ మనిషే" అన్నారు పెద్దాయన. "రోగులకు వండుతుంది, ఆ చేత్తోనే మాకూ ఇంత. కరెంటు కూడా షెడ్డు మీటరు నుంచే. ఆ, ఫోను మర్చిపోయావు, అదీ రాసుకో. నాదంటూ ఏదీ లేదమ్మా. అన్నీ సంస్థవే."

"అన్నీ రాసుకున్నాను సార్" అంది అమ్మాయి మెల్లగా. టీ చల్లారిపోయినా మొత్తం తాగి వెళ్లింది.

కమిటీలో ముఖ్యులు ముగ్గురు. మందుల షాపాయన, హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన బడి మేడమ్, అధ్యక్షుడు. అధ్యక్షుడంటే ఎవరో కాదు, పెద్దాయన బావమరిది. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. అతని గొంతు ఇటుకల లారీని ఆపగలదు. రెండు రోజుల తర్వాత కమిటీ కలిసింది. అందరూ కూర్చోగానే లెక్కలమ్మాయి లేచి, డైరెక్టరు గారూ అధ్యక్షుల వారూ కాసేపు బయట కూర్చోవాలంది.

"ఆయన వెళ్తాడు సరే, నేనెందుకు?" అన్నాడు బావమరిది. "అధ్యక్షుణ్ణి నేను!"

"వారి భార్యకు మీరు తమ్ముడు కదండీ. దగ్గర చుట్టాలు ఇందులో ఉండకూడదు."

"అది నా తప్పా? మా అక్క పెళ్లికి నన్నెవరడిగారు?"

బడి మేడమ్ నవ్వును పైట చాటు చేసుకుంది. బావాబావమరుదులిద్దరూ లేచి బయటికి నడిచారు. కూర్చోవడానికి వరండాలో రోగుల బల్ల తప్ప ఇంకేం లేదు. ఒక చివర చంకకర్ర ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె జరిగి చోటిచ్చి, పెద్దాయన కాళ్ల వంక పరీక్షగా చూసింది.

"నీకే కాలు నాయనా?"

"నాకు రెండూ ఉన్నాయమ్మా" అన్నారు పెద్దాయన. షెడ్డు పెట్టాక ఆ బల్ల మీద కూర్చోవడం ఆయనకు అదే మొదలు. ముసలమ్మకు నమ్మకం కుదిరినట్టు లేదు. "మొదట్లో అందరం చెప్పుకోలేం నాయనా, అలవాటవుతుంది" అని ఓదార్చింది.

ఎదురుగా అద్దాల కిటికీలో అచ్చుల గది. అచ్చులక్క ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని, ఒక లారీ డ్రైవరు మోకాలికి తడి ప్లాస్టరు చుడుతోంది. చుట్టడం అయ్యాక రెండు అరచేతులూ దాని మీద ఆనించి కళ్లు మూసుకుంది. అతను ఏదో జోకు వేస్తున్నాడు, ఆమె వినడం లేదు. బొటనవేళ్లు మోకాలిచిప్ప కింద రెండు వైపులా నొక్కిపట్టి, గట్టిపడేదాకా అలాగే ఉండిపోయింది. నుదుటి చెమటను భుజానికి రుద్దుకుంది తప్ప చెయ్యి తీయలేదు. పెద్దాయన ఆమె పనిని ఇంత దగ్గర్నుంచి చూసి చాలా కాలమైంది. ఈ చేతులు వచ్చే నెల ఇంకెక్కడో ఉంటాయన్న దిగులు ఆయన్ని ఒక్కసారిగా కమ్మేసింది.

"ఎంత పెంచుతారంటావు బావా?" అన్నాడు బావమరిది.

"పెంచితే నేనొప్పుకోను."

"నీకేం, ఒప్పుకోకపోయినా చెల్లుతుంది. నేను చూడు, ఇంటి అప్పు కట్టి, డ్రైవరుకిచ్చి, డీజిలు పోయించి, వంటమనిషిని బతిమాలుకుని, నెలాఖరుకు నా జేబు తడుముకుంటే దారం పోగు కూడా ఉండదు. నీ జీతమంతా నీ చేతిఖర్చేగా! అదృష్టజాతకుడివి బావా."

ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషే. పెద్దాయన ఎప్పటిలాగే నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఇల్లు, కారు, వంట, కరెంటు, ఫోను. మొన్న తన నోటితోనే, తన గొప్ప కింద, ఒక్కటొక్కటే చెప్పి రాయించారు.

లోపలికి పిలిచేసరికి మందుల షాపాయన చెమట తుడుచుకుంటున్నాడు. బడి మేడమ్ మార్కులు చదివే గొంతుతో మొదలుపెట్టింది. "మీలాంటి పని చేసే సంస్థలు మూడింటిని అడిగాం. మీరు ఉంటున్న ఇంటికి ఆ వీధిలో ఎంత అద్దె పలుకుతుందో కనుక్కున్నాం. మిగతావీ కలిపాం. మీరు తీసుకుంటున్నది సమంజసంగానే ఉందండీ. ఎక్కువ కాదు."

"చెప్పానా" అన్నాడు బావమరిది వెనక నుంచి.

"తక్కువ కూడా కాదు" అంది మేడమ్.

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "తక్కువ కాకపోవడమేమిటి?"

లెక్కలమ్మాయి తన కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. అందులో ఆయన చెప్పినవే ఉన్నాయి. అన్నీ కలిపితే వచ్చేది ఆ మూడు సంస్థల డైరెక్టర్ల జీతానికి సరిసమానంగా ఉంది, ఒకరికంటే కాస్త పైన కూడా ఉంది. "చిక్కు ఒక్కటే సార్. ఇవన్నీ జీతం కింద ఎక్కడా చూపలేదు. అలా చూపకుండా సొంతానికి వాడుకున్నవి, మొత్తం మీద జీతం తగినదే అయినా, మించినదాని కిందికే వస్తాయి. మీ ఇంటి పనులకు వాడినదంతా మీరు తిరిగి కట్టేయాలి. జరిమానా పన్ను ఎంత పడుతుందో నేను పన్నువాళ్లతో మాట్లాడి చెబుతాను. ఇక నుంచి ఇంటికి అద్దె, అన్నీ కలిపి ఒకే జీతం."

"మాకూ పడుతుందట బాబూ" అన్నాడు మందుల షాపాయన. "నా షాపులో బీపీ మాత్ర నేనే వేసుకోవాల్సొచ్చేట్టుంది."

"ఈ షెడ్డు కోసం నేనేం వదులుకున్నానో మీకు తెలియదా?" అన్నారు పెద్దాయన.

"తెలుసు" అంది బడి మేడమ్. "ఎవరూ కాదనరు. మీరు చేసే పనికి ఇది తగిన జీతం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు."

దొంగవన్నా ఆయన తట్టుకునేవారేమో. కోపంతో నాలుగు అరిచి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయేవారు. సిగ్గుపడాల్సిందేమీ లేదన్న మాటకు మాత్రం తల ఎత్తలేకపోయారు. కమిటీ రాసినదాని కింద తనకు తెలియజేశారని సంతకం పెట్టి, షెడ్డు వెనక గేటు తీసుకుని ఇంటికి వెళ్లారు.

ఇల్లాలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన చెప్పిందంతా వింటూనే మడతపెట్టింది. "అద్దె కట్టమన్నారా? కడదాం. వంట నాకు చేతకాదా ఏమిటి?"

"నీకు కష్టంగా లేదూ?"

"హాయిగా ఉందండీ" అందావిడ. ఆయన తెల్లబోయి చూస్తే, చేతిలో తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది. "ఆ జీతంతో ఎట్లా నెట్టుకొస్తున్నారమ్మా అని వీధిలో అందరూ అడుగుతారు. బాగానే ఉన్నామంటే మీ మాట పోతుంది. కష్టంగా ఉందంటే అబద్ధం. మీటింగుకు వచ్చినప్పుడల్లా వెతికి వెతికి వెలిసిపోయిన బట్టలు కట్టుకునేదాన్ని. మీరెప్పుడూ గమనించలేదు."

"నాతో అనొచ్చుగా?"

"మీతో ఎట్లా అంటాను?" అంది ఇల్లాలు, మళ్లీ తువ్వాలు అందుకుంటూ.

సరిగ్గా ఇదే మాట, ఇదే తీరున, అచ్చులక్క గుమ్మంలో నిలబడి అన్నది. అప్పుడది పొగడ్త అనుకున్నారు. పెద్దాయనకు సిగ్గేసింది. డబ్బు తిన్నందుకు కాదు, తిన్నానని ఆయన ఇప్పటికీ అనుకోవడం లేదు. తన జీతంలో ఒక ముక్క చదివి, అందరి నోళ్లూ మూయించి, వాళ్లకే టీలు పంచినందుకు. అద్దె లేని ఇంట్లో ఉండి చదివిన ఆ అంకెను చూసే కదా, అద్దె కట్టుకునే మనిషి ఇంకేమీ అడగలేకపోయింది.

జీతాల మీటింగు రోజు హాలు ఎప్పటిలాగే నిండింది. ఇల్లాలు కొత్త బట్టలు కట్టుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది. అచ్చులక్క కూడా ఉంది, వెనక గోడకు ఆనుకుని. పెద్దాయన లేచి ఇనుప కమ్మీ పట్టుకున్నారు. నడక నేర్చుకునేవాళ్లు పట్టుకుని పట్టుకుని ఆ కమ్మీ నున్నగా అయిపోయింది.

"నా జీతం" అని మొదలుపెట్టి, అలవాటైన అంకె చెప్పారు. ముందు వరసలో చేతులు చప్పట్లకు లేచాయి. "ఆగండి, ఇంకా ఉంది" అన్నారాయన. ఇల్లు, దాని అద్దె. కారు, డ్రైవరు. వంట. కరెంటు. ఫోను. ఒక్కొక్కదానికీ అంకె చెప్పి, చివర మొత్తం చెప్పారు. లేచిన చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లోకి దిగిపోయాయి. ఏటా కళ్లు తుడుచుకునే ఆయన జేబులోంచి తీసిన రుమాలును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంతకాలం నేను మొదటి అంకె ఒక్కటే చదివాను. అసలు నా జీతం ఇది. పనికి తగినదే అని కమిటీ తేల్చింది. మీ పనికి తగినదేదో ఇప్పుడు మీరు చెప్పాలి."

అందరూ ఎప్పటిలాగే తమ కాళ్ల వంక చూసుకున్నారు. చివరికి గేటు కాపలా మనిషి లేచి గొంతు సవరించుకున్నాడు. "నాది కూడా ఇరవై నాలుగ్గంటల ఉద్యోగమే సార్. నేను కూడా ఏ వేళకు ఎవరు తలుపు కొట్టినా లేస్తాను. నాకు మాత్రం ఇల్లివ్వలేదు." ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో గట్టు తెగింది. వంటామె లేచింది, డ్రైవరు లేచాడు, నడక నేర్పే కుర్రాళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడారు. లెక్కలమ్మాయి రాసుకోలేక ఒకరి తర్వాత ఒకరు చెప్పండని బతిమాలుకుంది. టీలు చల్లారిపోయాయి.

"కొంప ముంచావు బావా" అన్నాడు బావమరిది చెవిలో. "ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"అడుక్కుంటాను. ముందు వరసవాళ్లు ఎదురుగానే ఉన్నారుగా" అన్నారు పెద్దాయన. అన్నారే గానీ ఆయన కళ్లు వెనక గోడ మీదే ఉన్నాయి. అచ్చులక్క ఒక్క మాటా మాట్లాడలేదు. వరండాలోంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. ఆలస్యమైపోయిందనుకున్నారు.

సాయంత్రం ఆయన గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే, పక్కన కుళాయి విప్పిన చప్పుడైంది. చాలాసేపు నీళ్లు పడుతూనే ఉన్నాయి. తర్వాత అచ్చులక్క గుమ్మంలోకి వచ్చింది. రబ్బరు గుడ్డ లేదు. మోచేతుల దాకా కడుక్కున్న చేతులు తడితడిగా ఉన్నాయి. ప్లాస్టరు లేకుండా ఆమె చేతులు ఏ రంగో ఆయన అప్పుడే చూశారు. ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, ఆయన ఎదుట ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీటింగప్పుడు ముసలమ్మకు అచ్చు తీయడానికి పిలిచారు సార్. మధ్యలో వదిలి రాకూడదు" అంది. "ఇప్పుడు మాట్లాడదామా?"

సేవ గురించి చెప్పడానికి ఆయన దగ్గర చాలా మాటలు ఉన్నాయి, అన్నీ నోటికి వచ్చినవే. ఒక్కటీ అనలేదు. "ఎంత కావాలి?" అని అడిగారు.

ఆమె ఆయన కళ్లలోకి చూసి ఒక అంకె చెప్పింది. చిన్నదేం కాదు. కొత్త సెంటరువాళ్లు ఇస్తామన్నదానికి కాస్త తక్కువ, షెడ్డు ఇంతవరకు ఇస్తున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. పెద్దాయన కాసేపు కిటికీలోంచి అచ్చుల గది వైపు చూశారు. బల్ల మీద ముసలమ్మ కాలి అచ్చు ఆరుతూ ఉంది, దాని మీద బొటనవేళ్లు నొక్కిన రెండు గుంటలు పడి ఉన్నాయి.

"సమంజసంగానే ఉంది" అన్నారు. "రేపు కమిటీ ముందు పెడదాం. ఆ మాట చెప్పేటప్పుడు నువ్వు కూడా ఉండాలి."

"ఉంటాను సార్" అంది అచ్చులక్క. చెప్పాల్సింది అయిపోయినా లేవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నొప్పెడుతున్న మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పుకుంటూ అలాగే కూర్చుంది.